గుమ్మడిగారి అదృష్టం

మన ఇళ్లలో పాత సినిమాల ప్రసక్తి వచ్చిందంటే నటుల జాతకాలన్నీ మనమే వేసినట్లు మాట్లాడుకొంటాము. ఫలానాయన అదృష్టవంతుడండీ అని ఒకరంటారు. ఆయనకు అన్నీ ఉన్నవి, అదృష్టం ఒక్కటే లేకపోయిందని మరొక నటుణ్ణి గురించి ఇంకొకరు నిట్టూరుస్తారు. కాఫీ గ్లాసులు ఖాళీ అయ్యేలోపల కోడంబాకం చరిత్ర అంతా రెండు పద్దులలో వ్రాసివేస్తాము. ఈ లెక్కలో గుమ్మడి వెంకటేశ్వరరావుగారిని ఏ పద్దు క్రింద వేయాలో మాత్రం మా ఇంట్లో ఎన్నడూ తేలలేదు.

మా నాయనమ్మ దృష్టిలో ఆయన వట్టి దురదృష్టవంతుడు. "పాపం, పెద్దాయన! ఏ సినిమాలో చూచినా కొడుకులు ఏడిపిస్తారు, లేకపోతే తమ్ములు వేరుపడతారు, అదీ కాకపోతే గుండెనొప్పి వస్తుంది" అనేది. ఆమె ఆ మాటలు అనే రోజుల్లో ఆమెకు 50 దాటినవి. ఆ పెద్దాయనకు 35 నిండలేదు. ఈ సంగతి చెబితే ఆమె నమ్మేది కాదు. మీకు పెద్దా చిన్నా తెలియదు పొమ్మని మమ్మల్నే కసిరేది.

మా మేనమామ ఆమెతో ఏకీభవించేవాడు కాదు. "అత్తయ్యగారూ, మా తెనాలి ప్రాంతం నుంచి మదరాసు రైలెక్కినవాళ్లలో అంతటి అదృష్టవంతుడు మరొకడు లేడండీ" అని వాదించేవాడు. ఆయన తీర్పును తీసివేయడానికి వీలులేదు. ఎందుకంటే ఆయన కూడా ఆ ఆశతోనే ఆ రైలెక్కినవాడు. ఆయన సంగతి కొంచెం ఆగి చెబుతాను.

గుమ్మడిగారు 1927 జూలై 9న తెనాలి దగ్గర రావికంపాడు గ్రామంలో పుట్టారు. రైతు కుటుంబం. తెనాలి తాలూకా అంటే ఆ రోజుల్లో నాటకాలకు పుట్టిల్లు. గోవిందరాజుల సుబ్బారావుగారు అక్కడివారు. మాధవపెద్ది వెంకట్రామయ్యగారు అక్కడివారు. కొంగర జగ్గయ్యగారు ఆ చుట్టుపక్కలవారే. పొలం పనులు తీరిన నెలల్లో పందిరి వేసి పద్యనాటకం ఆడని ఊరు ఆ ప్రాంతంలో అరుదు. కుర్రవాడు బడిలో చదివే రోజుల్లోనే "పేదరైతు" అనే నాటకంలో వేషం కట్టాడు. అది ముసలివాని వేషం! విధి ముందుగానే ఒక చీటీ పంపినట్లున్నది. ఆ తరువాత "వీరాభిమన్యు"లో దుర్యోధనుడు వేసినప్పుడు మాధవపెద్దివారి ప్రోత్సాహం దొరికింది. మాధవపెద్ది అంటే దుర్యోధన పాత్రకే పెట్టింది పేరు. అంతటివాడు ఆ పాత్రలోనే ఒక కుర్రవాణ్ణి మెచ్చుకొన్నాడంటే అది చిన్న సంగతి కాదు.

ఆయన మొదటి సినిమా 1950లో వచ్చింది. దాని పేరు "అదృష్టదీపుడు". పేరు ఎంత బాగున్నదో చూడండి! కాని ఆ దీపం చాలాకాలం వెలగలేదు. తరువాత ఒకటి రెండు చిన్న వేషాలు వచ్చినవి, పోయినవి. ఇంటి దగ్గర భార్య, సంసారం. మదరాసులో అద్దె, హోటలు భోజనం. స్టూడియో గేటు దగ్గర గూర్ఖా చూపు, కంపెనీ ఆఫీసులో "రేపు రండి" అనే మేనేజరు. వేషాలకోసం వచ్చిన మనవాళ్లందరికీ తెలిసిన దినచర్య ఇది. త్యాగరాయనగరంలో పానగల్ పార్కు బెంచీలకు నోరుంటే ఎంతమంది కవుల ఆకలి, ఎంతమంది నటుల ఆశ చెప్పేవో.

మా మేనమామ 1951లో వచ్చాడు. మనిషి ఎత్తరి, పద్యం బాగా పాడేవాడు. మూడేళ్లు తిరిగాడు. ఒక పౌరాణిక చిత్రంలో సభ జరుగుతున్నప్పుడు ఈటె పట్టుకొని స్తంభం పక్కన నిలబడ్డాడు. ఆ సినిమా వచ్చాక ఇంటిల్లిపాదీ వెళ్లి చూచారట. స్తంభం కనిపించింది. ఈటె కూడా కనిపించింది. ఆయన ముఖం కెమేరాకు అందలేదు. ఇంకొక కంపెనీ వారు మాటలున్న వేషం ఇస్తామని ఆరు నెలలు తిప్పి, ఆఖరుకు ఆ సంగతే మరచిపోయారు. దాంతో మా నాన్న ఒక అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం చూచిపెట్టాడు. అందులోనే ఆయన రిటైరయ్యాడు. ఇంట్లో ఎవ్వరూ ఆ మూడేళ్ల మాట ఎత్తేవారు కారు. ఆయనే ఎత్తేవాడు, నవ్వుతూ.

ఇప్పుడు గుమ్మడిగారి దగ్గరకు వద్దాము. ఆయనకూ ఊరికి తిరిగిపోవలసిన రోజు వచ్చింది. ఇక లాభం లేదు, వెళ్లిపోదామని ఆయన అనుకొన్నప్పుడు ఆపినవారు ఎన్.టి. రామారావుగారు. అప్పటికి రామారావుగారు విజయావారి చిత్రాలతో పైకి వచ్చి, సొంత కంపెనీ నేషనల్ ఆర్ట్ థియేటర్ పెట్టుకొంటున్నారు. ఉండండి, మా చిత్రంలో మంచి వేషం ఇస్తామన్నారు. అలాగే 1953లో "పిచ్చిపుల్లయ్య"లో ప్రతినాయకుని వేషం ఇచ్చారు. మరుసటి ఏడు "తోడుదొంగలు" వచ్చింది. ఆ 1953లోనే మనవాళ్లు ఆంధ్రరాష్ట్రం కట్టుకొని కర్నూలుకు ప్రయాణమయ్యారు. మదరాసు మనదా, వారిదా అని వీధుల్లో రగడ జరిగింది. తెలుగు సినిమా మాత్రం పెట్టె సర్దుకోకుండా కోడంబాకంలోనే ఉండిపోయింది. మనమూ ఉండిపోయాము.

మా మేనమామ తన వాదనకు ఆధారంగా చెప్పేది ఈ ఘట్టాన్నే. "వేషం దొరకడం అదృష్టం కాదురా. వేషాలు నాకూ దొరికేవే. వెళ్లిపోతానన్న రోజున 'ఉండు' అనే మనిషి దొరికాడు చూడు, అదీ" అనేవాడు. ఆయనకు దొరికినవారు "వచ్చెయ్యి" అన్నారు. అందుకు మా నాన్నను ఎన్నడూ తప్పుపట్టలేదు. కాని ఈ మాట అంటున్నప్పుడు మా నాన్న పత్రిక అడ్డం పెట్టుకొని చదువుకొనేవాడని నాకు జ్ఞాపకం.

1955లో పి. పుల్లయ్యగారి "అర్ధాంగి" వచ్చింది. గుమ్మడిగారి బ్రతుకు ఒక దారిలో పడింది అక్కడే. అందులో ఆయన జమీందారు. అక్కినేని నాగేశ్వరరావుగారు, జగ్గయ్యగారు కొడుకులు. జగ్గయ్య దాదాపు ఆయన ఈడువాడు. నాగేశ్వరరావుగారు 1924 సెప్టెంబరులో పుట్టినవారు, అంటే తండ్రికంటె కొడుకు రెండేళ్ల పదినెలలు పెద్ద. భార్య వేషం శాంతకుమారిగారిది. ఆమె సాక్షాత్తు దర్శకుని భార్య, ఈ "భర్త"కంటె ఏడేళ్లు పెద్ద. ఇరవైయెనిమిదేళ్లు నిండని యువకుడు ఇంతమంది పెద్దల మధ్య ఇంటి యజమానిగా కూర్చొని, చేతికర్ర పట్టుకొని దగ్గాడు. చూచినవారిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

అది ఎలా సాధ్యమైందని నేను చాలాసార్లు ఆలోచించాను. తెల్లజుట్టు అంటించడం మేకప్పు మనిషి పని, నుదుట గీతలు గీయడం కూడా అతని పనే. గొంతులో వయసు పెట్టడం మటుకు నటుని పని. గుమ్మడిగారి గొంతులో ఒక తడి ఉన్నది. మాట చివర కొంచెం ఆగుతారు, ఇంకా ఏదో చెప్పబోయి ఇంటి పరువుకోసం మింగినట్లు. మన ఇళ్లలో తండ్రులు అలాగే మాట్లాడేవారు కదా! కోపం వచ్చినా కేకవేయరు. కండువా సర్దుకొని అవతలి గదిలోకి వెళతారు. ఎస్.వి. రంగారావుగారు తండ్రి వేషం వేస్తే ఇల్లు అదిరేది. నాగయ్యగారు వేస్తే ఇల్లు గుడి అయ్యేది. గుమ్మడిగారు వేస్తే ఇల్లు ఇల్లుగానే ఉండేది. ఆ మెత్తదనం కొన్ని చిత్రాల్లో మితిమీరిందని కూడా ఒప్పుకోవాలి. చేతిలో ఉత్తరం పట్టుకొని గుండె నొక్కుకొనే దృశ్యాలు ఆయన ఎన్ని చేశారో లెక్కలేదు. కొన్నింటిలో ఉత్తరం చదవకముందే చెయ్యి గుండెమీదికి పోతున్నదేమో అనిపిస్తుంది. తప్పు నటునిది కాదు, వ్రాసినవారిది. ఎవరిచేతనైనా ఒక పని బాగా జరుగుతుందని తెలిస్తే మనవాళ్లు ఆ పనే జీవితాంతం చేయిస్తారు.

అయితే ఇందులో ఒక చిత్రమైన లెక్క ఉన్నది. ఆ రోజుల్లో సాంఘిక చిత్రమంటే ఉమ్మడి కుటుంబం కథ. కథానాయకుడు రామారావుగారు కావచ్చు, నాగేశ్వరరావుగారు కావచ్చు. ప్రేక్షకులు రెండు జట్లుగా చీలి గోడలమీద పోస్టర్లు చింపుకొన్నా, రెండు జట్ల కథానాయకులకూ ఒక తండ్రి కావాలి, ఒక అన్న కావాలి. ఆ తండ్రి, ఆ అన్న గుమ్మడిగారే. హీరోకు ఒక చిత్రానికి నెలల తరబడి కాల్షీట్లు ఇవ్వవలసివస్తే, ఈయనకు కొద్ది రోజులతో పని తీరేది. అందుచేత ఒక స్టూడియోలో ఉదయం జమీందారు, మరొక స్టూడియోలో సాయంకాలం బడిపంతులు. దాదాపు 50 ఏళ్లలో సుమారు 500 చిత్రాలు అలా కూడినవి. హీరోల వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ముసలివాని వేషానికి వయసు మీరిపోవడమనే భయమే లేదు. ఇరవయ్యేళ్ల ప్రాయంలో యౌవనాన్ని కెమేరా ముందు వదులుకొన్నవానికి ఆ తరువాత పోగొట్టుకొనవలసింది ఏమీ మిగలలేదు.

ఇది సులభంగా వదులుకొనేదేనా? నాకు తోచదు. తన ఈడువాళ్లు, తనకంటె పెద్దవాళ్లు తోటల్లో పాటలు పాడుతుంటే, తాను పక్క సెట్టులో మంచంమీద పడుకొని దగ్గుతూ ఆశీర్వదించాలి. ఏ యువకునికైనా ఒక్కసారైనా మనసు చివుక్కుమనదూ? గుమ్మడిగారు తన స్వీయకథకు "తీపి గురుతులు, చేదు జ్ఞాపకాలు" అని పేరు పెట్టుకొన్నారు. చేదు ఉన్నదని దాచలేదు. తీపిని ముందు పెట్టారు.

"మాయాబజార్" సంగతి చెప్పకుండా గుమ్మడిగారి సంగతి పూర్తికాదు. విజయావారి ఆ చిత్రం 1957 మార్చి 27న విడుదలయింది. వడపళనిలో వాహినీ స్టూడియోలో తీశారు. ఆసియాలోకెల్లా పెద్ద స్టూడియో అని మనం గొప్పగా చెప్పుకొన్న ఆవరణ అది. ఇప్పుడు అక్కడ విజయా ఆసుపత్రి, ఒక పెద్ద మాలు ఉన్నవి. ద్వారక ఎక్కడ ఉండేదో, ఘటోత్కచుడు విందారగించిన విడిది ఎక్కడ వేశారో చూపించగలవాళ్లు ఇప్పుడు ఆ ప్రాంతంలో దొరకరు. కార్లు నిలుపుకొనే చోటు ఎక్కడో అడిగితే చెబుతారు.

దర్శకులు కె.వి. రెడ్డిగారి పద్ధతి సినిమాలోకంలో అందరికీ తెలిసినదే. కథ, మాట, పాట అన్నీ కాగితంమీద పూర్తి అయితే తప్ప సెట్టుమీదికి వెళ్లరు. నటులచేత ముందే రిహార్సలు వేయించి, స్టాప్‌వాచి పట్టుకొని ఏ దృశ్యం ఎంతసేపు వస్తుందో కొలుచుకొంటారు. అంత కొలతలో పుట్టిన చిత్రం తెరమీద పిల్లల ఆటలాగా కనిపిస్తుంది. అదే దాని మాయ.

ఆ చిత్రంలో గుమ్మడిగారు బలరాముడు. వయసులు లెక్కవేసి చూడండి, సరదాగా ఉంటుంది. తమ్ముడు కృష్ణుడు రామారావుగారు, అన్నకంటె నాలుగేళ్లు పెద్ద. కాబోయే అల్లుడు అభిమన్యుడు నాగేశ్వరరావుగారు, ఆయనా మామకంటె పెద్దే. బలరామునికి అప్పటికి 29 ఏళ్లు. ఐనా కృష్ణుడు "అన్నయ్యా" అని తలవంచితే అది అన్నదమ్ముల వంగడమే. ఎవరికీ నవ్వు రాలేదు.

బలరాముని వేషం చూచేందుకు సులభంగా ఉంటుంది గాని చిక్కుతో కూడినది. శశిరేఖను అభిమన్యునికిస్తానని మాట ఇచ్చినవాడు, పాండవులకు కష్టం వచ్చేసరికి భార్య పోరుకూ, దుర్యోధనుని గౌరవానికీ లొంగి ఆ మాట తప్పుతాడు. అలాంటి మనిషిమీద ప్రేక్షకునికి కోపం రావాలి. రాదు! ఎందుకంటే ఆయన దుష్టుడు కాడు, మూర్ఖుడూ కాడు. పొగిడితే పొంగుతాడు, రెచ్చగొడితే రెచ్చిపోతాడు, తప్పు తెలిస్తే చల్లబడతాడు. శకుని రెండు మాటలు చెప్పగానే ఆ ముఖం విప్పారడం చూడండి. మనకు తెలిసిన పెద్దమనుషులు ఎంతమందో అందులో కనిపిస్తారు. మా నాయనమ్మ ఈ ఒక్క సినిమాలోనే ఆయనను "పాపం" అనలేదు. "మీ తాతయ్యగారు అచ్చం ఇంతే" అన్నది.

1962లో వచ్చిన "మహామంత్రి తిమ్మరుసు"లో ఆయనకు పేరు వేషం దక్కింది. రాయలుగా రామారావుగారు ఉన్నా, కథ అప్పాజీది. దర్శకులు కమలాకర కామేశ్వరరావుగారు. ఆ ఏటి జాతీయ బహుమతులలో తెలుగు చిత్రాలకిచ్చే రాష్ట్రపతి రజతపతకం దానికే వచ్చింది. తాను పెంచి పట్టంకట్టినవాడే తన కళ్లు తీయించగా ఆ వృద్ధమంత్రి నిలిచిన తీరు చూచి ఏడ్వనివారు మా వీధిలో లేరు. అప్పుడాయనకు 35 ఏళ్లు. ముసలి వేషం అని కొందరు జాలిపడ్డ ఆ దారే ఆయనను అక్కడికి చేర్చింది. తోటల్లో పాటలు పాడే దారిలో వెళ్లి ఉంటే తిమ్మరుసు దొరికేవాడని నేననుకోను.

ఇంత చెప్పిన తరువాత నాగయ్యగారిని తలచుకోకుండా ఉండలేను. వారిద్దరూ ఒకే కాలంలో, ఒకే స్టూడియోలలో తండ్రి వేషాలు వేసినవారు. చిత్తూరు వి. నాగయ్యగారు పోతన, వేమన, త్యాగయ్య వేషాలతో 1940లలో మదరాసులో రాజులాగా వెలిగారు. సంపాదన అంతా అన్నార్తుల చేతుల్లోనూ, సొంత చిత్రాలలోనూ కరిగిపోయింది. దక్షిణాదిలో పద్మశ్రీ వచ్చిన మొదటి సినిమా నటుడు ఆయనే, 1965లో. ఐనా చివరి సంవత్సరాలు చిన్న చిన్న వేషాలతో గడిచినవి. 1973 డిసెంబరు 30న కన్నుమూశారు. తరువాత పానగల్ పార్కులో ఆయన విగ్రహం పెట్టారు. వేషాలకోసం వచ్చిన మనవాళ్లు ఆకలితో కూర్చున్న ఆ పార్కులోనే, అడిగినవారికల్లా అన్నం పెట్టిన మనిషి విగ్రహమై నిలిచాడు. గుమ్మడిగారికీ, ఆయనకూ ప్రతిభలో హెచ్చుతగ్గులు చూపి అదృష్టాన్ని వివరించగలవారుంటే నాకు చెప్పండి. నాగయ్యగారు ఇచ్చి పోగొట్టుకొన్నారు. గుమ్మడిగారు నటనకే కట్టుబడి, ఒద్దికగా సంసారం నడుపుకొన్నారు. అది తెలివా, అదృష్టమా? కొంత అదీ, కొంత ఇదీ. నాగయ్యగారు ఎదుటివాని ఆకలి చూచి చేయి ముడుచుకొని ఉండవలసిందని అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

తరువాత సినిమా మెల్లగా హైదరాబాదుకు తరలింది. నాగేశ్వరరావుగారు 1960లలోనే కాపురం మార్చారు. తక్కినవారు ఒకరి వెనుక ఒకరు వెళ్లారు. గుమ్మడిగారూ వెళ్లారు. 1977లో పద్మశ్రీ, 1998లో రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకొన్నారు. వయసు పైబడినాక గొంతు దెబ్బతిన్నది. వయసును గొంతులో పెట్టి బ్రతికిన నటునికి నిజమైన వయసు వచ్చినప్పుడు గొంతే సహకరించకపోవడం విధి ఆడిన వెక్కిరింపు. వేషాలు బాగా తగ్గించుకొన్నారు. మన వీధుల్లో ఆ కార్లు ఆగిపోయినవి. త్యాగరాయనగరంలో ఫలానా ఇల్లు ఫలానావారిదని చూపించడానికి ఆ ఇళ్లు కూడా చాలావరకు మిగలలేదు. అపార్ట్‌మెంట్లు వచ్చినవి.

2010 జనవరిలో "మాయాబజార్"కు రంగులద్ది కొత్తగా విడుదలచేయడానికి సిద్ధం చేశారు. హైదరాబాదులో గోల్డ్‌స్టోన్ అనే సంస్థవారు చేసిన పని అది. ముందుగా కొందరికి ప్రదర్శించి చూపారు. 82 ఏళ్ల గుమ్మడిగారు వచ్చి చూచారు. చూచి, ఈ చిత్రాన్ని రంగుల్లో చూడడం కోసమే కాబోలు ఇన్నాళ్లు బ్రతికి ఉన్నానని సంతోషపడ్డారు. బయటి జనానికి ఆయన కనిపించింది అదే ఆఖరు. జనవరి 26న హైదరాబాదులో కన్నుమూశారు. సినిమా 30వ తేదీన విడుదలయింది.

ఆ చీకటి హాలులో ఆయన ఎవరెవరిని చూచారో ఒక్కసారి తలచుకోండి. మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు. కె.వి. రెడ్డిగారు 1972లో. పాటలకు ప్రాణం పోసిన ఘంటసాల, ఘటోత్కచుడు రంగారావుగారు, చిన్నమయ రమణారెడ్డిగారు, ముగ్గురూ 1974లో. లక్ష్మణకుమారుడు రేలంగి, నిర్మాత చక్రపాణిగారు 1975లో. ముద్దుబిడ్డ శశిరేఖ, మన సావిత్రి, 1981లో, ఎన్నో నెలలు స్పృహలేకుండా పడి ఉండి. 'ఉండండి' అని ఆపిన తమ్ముడు రామారావుగారు 1996లో. నాగిరెడ్డిగారు 2004లో. తెలుపు నలుపుల్లో నిలిచిపోయినవారందరూ రంగులు కట్టుకొని లేచివచ్చి ఆయన ముందు తిరిగారు. వారి మధ్య తనకు 29 ఏళ్లు. అల్లుడు నాగేశ్వరరావుగారు 2014 వరకు ఉన్నారు. తక్కినవారిలో చాలామందికి ఆ రంగులు చూచే యోగం లేకపోయింది.

మా మేనమామ అప్పటికి పోయి పదమూడేళ్లయింది. ఉంటే వాదన గెలిచానని ఎగిరేవాడు. మా నాయనమ్మ ఉంటే, అంతమందిని పోగొట్టుకొని ఒక్కడూ కూర్చుని చూచినవాడు అదృష్టవంతుడెలా అవుతాడురా అని మళ్లీ మొదలుపెట్టేది.

నేను ఆ రంగుల "మాయాబజార్"ను మొన్న వేసవి సెలవుల్లో మా మనవడితో కలిసి ఇంట్లోనే చూచాను. వాడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. ఘటోత్కచుణ్ణి చూచి కుర్చీలోనుంచి లేచి గంతులు వేశాడు. మధ్యలో బలరాముణ్ణి చూపించి, "తాతయ్యా, ఈ పెద్దాయన ఎవరు?" అన్నాడు.

గుమ్మడిగారని చెప్పాను. ఎన్నేళ్లుంటాయో చెప్పమన్నాను.

"నీ అన్ని ఉంటాయి" అన్నాడు.

29 అని చెప్పాను. వాడు నమ్మలేదు. వాడి బాబాయికి 31, ఇంకా పెళ్లి కాలేదు. రాత్రి భోజనాల దగ్గర వాడు బాబాయినే పరీక్షగా చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి వెళ్లి టవలు తెచ్చి కండువాలాగా అతని భుజంమీద వేసి, "బాబాయ్, ఏదీ, ఒకసారి కోపంగా లేచి అవతలి గదిలోకి వెళ్లు, చూద్దాం" అన్నాడు.